నిమిషానికి ఐదు చుట్లు చాలు

గాలం కర్రలను సొంతంగా కట్టుకునేవాళ్లలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. కర్రకు వేసిన ఎపాక్సీ పూత గట్టిపడేదాకా దాన్ని నెమ్మదిగా తిప్పే యంత్రాన్ని, అంటే రాడ్ డ్రైయర్‌ను, కంపెనీ నుంచే కొనాలట. ఇంట్లో చేసుకున్నది వాడితే వేల రూపాయలు పెట్టి తెచ్చిన, కర్రకు ఆధారమైన బ్లాంక్‌ను చేజేతులా పాడుచేసుకున్నట్టేనట. ఈ మాట చెప్పేవాళ్లకు చెడు ఉద్దేశం లేదు. కొత్తగా మొదలుపెట్టినవాడు నష్టపోకూడదనే చెబుతారు. దాని ఫలితం మాత్రం మరోలా ఉంటోంది. బెంగళూరు తూర్పు అంచున హూడి, కాడుగోడి, మహదేవపుర ప్రాంతాల్లో ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లలో చిన్నప్పుడు కాలువ గట్టు మీదో, ఊరి చెరువు దగ్గరో వెదురు బద్దకు గాలం కట్టి కొర్రమీనుల కోసం కాచుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా తన చేతికి, తాను పట్టే చేపకు తగిన కర్రను తానే కట్టుకోవాలనిపిస్తే ముందుగా ఎదురయ్యేది విదేశీ సామాన్ల జాబితా. అందులో డ్రైయర్ ధర చూసి, దానికి రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలుపుకుని, ఇది డబ్బున్నవాళ్ల వ్యవహారమని తేల్చుకుని వదిలేస్తారు. ఆ అభిప్రాయం తప్పని నా వాదన. డబ్బు ఆదా అవుతుందన్నది ఈ వాదనలో చిన్న భాగమే. ఎపాక్సీ ఎలా పారుతుందో, ఎలా గట్టిపడుతుందో తెలిస్తే ఆ అభిప్రాయం నిలబడదు.

ముందు డ్రైయర్ చేసే పని ఏమిటో చూడాలి. బ్లాంక్ అంటే కార్బన్ పీచుతోనో గాజు పీచుతోనో చేసిన బోలు కడ్డీ. గాలం తాడు జారే వలయాలను, అంటే గైడ్లను, దాని మీద నిర్ణీత దూరాల్లో పెట్టి, వాటి పాదాల మీదుగా సన్నటి నైలాన్ దారాన్ని సందు లేకుండా చుడతారు. ఆ చుట్ల మీద రెండు భాగాల ఎపాక్సీ పూస్తారు. రెసిన్‌ను, హార్డ్‌నర్‌ను సమపాళ్లలో కలపగానే రసాయన చర్య మొదలవుతుంది. పూత కొన్ని గంటల్లో చిక్కబడి, ఒక రోజుకు గట్టిపడి, పూర్తి బలానికి రావడానికి మరికొన్ని రోజులు తీసుకుంటుంది. గండమంతా మొదటి మూడు నాలుగు గంటల్లోనే. పూత ఇంకా ద్రవంగా ఉండగా కర్రను కదలకుండా పెడితే ఎపాక్సీ కిందివైపుకు జారి బొట్లుగా వేలాడుతుంది, పైవైపు దారం బయటపడుతుంది. తేనెలో ముంచి తీసిన గరిటెను తిప్పుతూ ఉన్నంతసేపూ తేనె కారదు, చెయ్యి ఆపగానే కారుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. డ్రైయర్ వేడి ఇవ్వదు, గాలి ఊదదు. కర్రను అడ్డంగా, సమంగా పట్టుకుని ఆగకుండా తిప్పుతుంది, అంతవరకే దాని బాధ్యత. ఈ పనిలో కంపెనీ ముద్రకు ఎక్కడ చోటుందో వెతికినా కనబడదు.

మోటారు లేని కాలంలోనూ మంచి కర్రలు తయారయ్యాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్, అమెరికాల్లోని పనివాళ్లు వెదురును నిలువునా చీల్చి, ఆరు బద్దలను జిగురుతో అతికించి, పట్టుదారం చుట్టి, వార్నిష్ వేసేవాళ్లు. తొలినాళ్లలో ఆ పనికి వాడింది కలకత్తా రేవు నుంచి ఓడలెక్కిన మన దేశపు వెదురే. అక్కడ దానికి కలకత్తా కేన్ అన్న పేరు స్థిరపడింది. అది మన నల్లమలలో సాధనపు వెదురు అని పిలిచే జాతి అని చెబుతారు. 20వ శతాబ్దం మొదట్లో చైనా నుంచి టోంకిన్ వెదురు వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. వార్నిష్ పల్చన కాబట్టి పొర మీద పొర వేసి ఆరబెట్టుకునేవాళ్లు, పెద్దగా తిప్పాల్సిన అవసరం పడలేదు. ఒక్క పూతతోనే మందపాటి పొర ఇచ్చే ఎపాక్సీ వచ్చాకే తిప్పడం తప్పనిసరి అయింది. అప్పుడు కూడా ఇంట్లో పనిచేసుకునేవాళ్లు చేత్తోనే తిప్పేవాళ్లు. రెండు ఆధారాల మీద కర్రను పెట్టి, కొద్ది నిమిషాలకోసారి సగం చుట్టు తిప్పుతూ, పూత ముదిరేదాకా దగ్గర కూర్చునేవాళ్లు. ఓపిక ఉన్న మనిషి చేత్తో తిప్పి నిభాయించిన పనికి ఏ చవక మోటారైనా ఎందుకు సరిపోదో కంపెనీ యంత్రాన్ని సమర్థించేవాళ్లు ముందుగా జవాబు చెప్పాలి.

వాళ్లు చెప్పే జవాబు వేగం గురించి. ఇంట్లో చేసే డ్రైయర్లకు సాధారణంగా మైక్రోవేవ్ ఓవెన్‌లో గాజు పళ్లేన్ని తిప్పే చిన్న మోటారు వాడతారు. అది మన దేశంలో నిమిషానికి ఐదు చుట్లు తిరుగుతుంది. కొనే డ్రైయర్లలో కొన్ని తొమ్మిది, కొన్ని పద్దెనిమిది చుట్లు తిరుగుతాయి. కాబట్టి ఐదు చుట్లు చాలవని, పూత జారుతుందని వాళ్ల మాట. దీన్ని అభిప్రాయాలతో తేల్చాల్సిన అవసరం లేదు. తిరిగే స్తంభాకారపు కడ్డీ మీద జిగట ద్రవపు పొర ఎంత మందం దాకా నిలుస్తుందన్న ప్రశ్నకు బ్రిటిష్ గణితజ్ఞుడు కీత్ మొఫాట్ 1977లో లెక్క కట్టి చూపించాడు. అదే ఏడాది సోవియట్ శాస్త్రవేత్త పుఖ్నాచెవ్ కూడా ఇదే సమస్య మీద పనిచేశాడు. మొఫాట్ లెక్క సారం ఇది: ద్రవం ఎంత జిగటగా ఉంటే, కడ్డీ ఉపరితలం ఎంత వేగంగా కదిలితే అంత మందమైన పొర నిలుస్తుంది. అయితే ఆ మందం వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గమూలంతో పెరుగుతుంది. నీటి కన్నా వెయ్యి రెట్లు జిగట ఉన్న ఎపాక్సీని ఆరు మిల్లీమీటర్ల లావు కర్ర మీద పూసి నిమిషానికి ఐదు చుట్లు తిప్పితే సుమారు పావు మిల్లీమీటరు మందం దాకా పొర నిలుస్తుంది. దారం చుట్ల మీద ఒక మంచి పూతకు అంతకన్నా మందం అక్కర్లేదు. వేగాన్ని రెట్టింపు చేసి పది చుట్లు తిప్పినా ఆ మందం పావు నుంచి మూడో వంతు మిల్లీమీటరును కాస్త దాటుతుంది తప్ప రెట్టింపు కాదు. పైగా ఎపాక్సీ గంట గంటకూ చిక్కబడుతుంది కాబట్టి మొదటి అరగంట గడిచాక లెక్క మనకు ఇంకా అనుకూలంగా మారుతూ పోతుంది.

ఈ లెక్కలోంచి వేగం కన్నా ముఖ్యమైన విషయం ఒకటి బయటపడుతుంది. కర్ర సన్నబడేకొద్దీ దాని ఉపరితలం కదిలే వేగం తగ్గుతుంది, దానితో పొర నిలిచే మందమూ తగ్గుతుంది. రెండు మిల్లీమీటర్ల కొస దగ్గర అదే ఐదు చుట్లకు నిలిచే మందం పావు మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర పదో వంతుకు పడిపోతుంది. అంటే పిడి దగ్గర వేసినంత దట్టంగా కొస దగ్గర కూడా పూస్తే బొట్లు కట్టడం ఖాయం. పైన గైడ్ పాదం ఎత్తు, దారం అంచు లాంటివి ఈ లెక్కను అక్కడక్కడ మారుస్తాయి, అది నిజమే. కానీ దిశ మారదు. కొస దగ్గర పల్చగా రెండు పూతలు వేయాలి. ఖరీదైన డ్రైయర్ కొన్నవాడు కూడా కొస దగ్గర చిక్కగా పూసి, బొట్లు కట్టాక ఎపాక్సీని తిడతాడు. చేతిలోని కుంచెతో సరిచేయాల్సిన తప్పును యంత్రపు వేగంతో సరిచేయాలని చూడటమే ఈ చర్చ అంతా దారి తప్పడానికి కారణం. వేగం పెంచుకుంటూ పోతే వేరే ప్రమాదం కూడా ఉంది. ఐదు చుట్ల దగ్గర బయటికి విసిరే బలం గురుత్వాకర్షణ ముందు లెక్కలోకే రాదు. డ్రిల్లింగ్ మెషిన్‌కు తగిలించి వెయ్యి చుట్లు తిప్పితే అదే బలం గురుత్వానికి మూడు రెట్లు దాటి, పూతను గోడల మీదికి చిమ్ముతుంది.

రెండో అభ్యంతరం బలం గురించి. అంత చిన్న మోటారు ఏడడుగుల కర్రను తిప్పలేదని, ఆగుతూ సాగుతూ తిరుగుతుందని అంటారు. ఆ మోటారు అసలు ఉద్యోగం ఏమిటో చూస్తే ఈ సందేహం తీరుతుంది. కిలో దాకా బరువుండే గాజు పళ్లేన్ని, దాని మీద ఓ పక్కకు పెట్టిన కూర గిన్నెతో సహా తిప్పడానికే దాన్ని తయారు చేశారు. రీల్ తగిలించని కర్ర బరువు సాధారణంగా రెండు వందల గ్రాముల లోపే ఉంటుంది. అందులో మోటారుకు భారమయ్యేది ఒక పక్కకు పొడుచుకొచ్చిన గైడ్ల బరువొక్కటే. పది గ్రాముల గైడ్లు సెంటీమీటరు దూరంలో ఉన్నాయనుకుంటే అది ఓవెన్‌లోని గిన్నె కలిగించే భారంలో చిన్న భాగం. జాగ్రత్త పడాల్సింది మరో చోట. ఓవెన్‌లో ఆ మోటారు ఇరుసు నిలువుగా ఉంటుంది, పళ్లెం బరువు కింద ఉన్న చిన్న చక్రాలు కూడా మోస్తాయి. ఇక్కడ ఇరుసు అడ్డంగా ఉంటుంది. కర్ర బరువును ఇరుసు మీద వేలాడదీస్తే అందులోని ప్లాస్టిక్ పళ్ల చక్రాలు త్వరగా అరిగిపోతాయి. కర్ర బరువంతా చెక్క ఆధారాలు మోయాలి, మోటారు తిప్పడం మాత్రమే చేయాలి. ఈ చిన్న సంగతి తెలియక ఒకరిద్దరు మోటార్లు చెడగొట్టుకోగానే ఇంటి డ్రైయర్ పనికిరాదన్న తీర్పు వచ్చేస్తుంది.

కొనే యంత్రం లోపల ఏముంది? చవక రకాల్లో చాలా వాటి పెట్టె విప్పితే కనబడేది ఇలాంటి సింక్రనస్ గేర్ మోటారే. దానికి ఒక బిగింపు కప్పు, ఒక స్టాండు ఉంటాయి. ఇక్కడ మన దేశానికి సంబంధించిన చిక్కు ఒకటుంది. దాన్ని అమ్మేవాళ్లూ కొనమనేవాళ్లూ అరుదుగా ప్రస్తావిస్తారు. సింక్రనస్ మోటారు వేగం కరెంటు ఆవృత్తి మీద ఆధారపడుతుంది. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి వాడకానికి చేసిన యంత్రాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ విడిగా కొనాలి. కొన్నాక కూడా పెట్టె మీద తొమ్మిది చుట్లని రాసినది ఏడున్నర చుట్లే తిరుగుతుంది. ఆ ఏడున్నరతో పూత చక్కగా వస్తుందనుకోండి, అది నా వాదనకే బలం. వేగం మీద అంత పట్టుబట్టేవాళ్లే తెలియకుండా తక్కువ వేగంతో మంచి కర్రలు కడుతున్నారన్నమాట.

మైక్రోవేవ్ మోటారు వాడేవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోకూడదు. పాత ఓవెన్‌ను ఇంట్లో విప్పొద్దు. దాని లోపల ఉండే హై వోల్టేజీ కెపాసిటర్ ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ప్రాణం తీసేంత విద్యుత్తును నిలవ ఉంచుకోగలదు. చవక మోటారు కోసం ఆ ప్రమాదంలో చెయ్యి పెట్టడం అనవసరం. అదే మోటారు విడి భాగంగా కొత్తది దొరుకుతుంది. కొనేటప్పుడు దాని వీపు మీద రాసిన అంకెలు చదవాలి. కొన్ని కంపెనీల ఓవెన్లలో ఆ మోటారు 21 వోల్టులకో 30 వోల్టులకో చేసి ఉంటుంది, దాన్ని 230 వోల్టుల ప్లగ్గుకు కలిపితే క్షణాల్లో కాలుతుంది. ఇంటి డ్రైయర్‌ను సమర్థించేవాళ్లలోనే కొందరు తీగ కొసలు బయటికి కనబడేలా, టేపు చుట్టి వదిలేసి, పైసా ఖర్చు లేకుండా చేశామని గొప్పగా చూపిస్తుంటారు. కంపెనీ యంత్రాన్ని పొగిడేవాళ్లకు బలమిచ్చేది ఆ పనే. రాత్రంతా నిద్రపోతూ తిరగనిచ్చే యంత్రంలో 230 వోల్టుల తీగ తెరిచి ఉండటాన్ని ఏ పొదుపూ సమర్థించదు. పిల్లలున్న ఫ్లాట్‌లో అసలే సమర్థించదు.

అందుకే నేను గట్టిగా సిఫారసు చేసేది ఓవెన్ మోటారును కూడా కాదు, 12 వోల్టుల డీసీ గేర్ మోటారును. కాలేజీ పిల్లలు రోబోల ప్రాజెక్టులకు వాడే రకం. నిమిషానికి పది చుట్లదని అడిగితే ఇస్తారు, ధర కొన్ని వందల్లోనే ఉంటుంది. మూలన పడి ఉన్న పాత వైఫై రౌటర్ అడాప్టర్ 12 వోల్టులదైతే దానికే సరిపోతుంది. షాక్ భయం దాదాపు లేదు. దీనిలో ఇంకో లాభం ఉంది, నా దృష్టిలో మొత్తం వాదనకు ఇదే కీలకం. కదలకుండా ఆగిన కర్ర మీద పావు మిల్లీమీటరు తాజా పూత కిందికి చేరడానికి, పైన చెప్పిన జిగటతో లెక్క వేస్తే, నిమిషం కూడా పట్టదు. కరెంటు పోతే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. హూడిలో వానాకాలం సాయంత్రం ఒక గాలివాన వస్తే కరెంటు పోవడం వింతేమీ కాదు. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్లలో కూడా అది అందుకునేదాకా కొన్ని క్షణాల విరామం ఉంటుంది, లేని ఇళ్లలో గంటలు. ఆ సమయంలో నేరుగా ప్లగ్గుకు కలిపిన కంపెనీ డ్రైయర్ ఎంత ఖరీదుదైనా ఆగిపోతుంది. 12 వోల్టుల ఇంటి డ్రైయర్‌కు మాత్రం రౌటర్ల కోసం ప్రతి ఊళ్లోనూ అమ్మే మినీ యూపీఎస్ ఒకటి మధ్యలో పెడితే చాలు, అడాప్టర్ ఆగినా మోటారు ఆగదు. ఇంత చిన్న మోటారు తాగే కరెంటు రౌటర్ కన్నా ఎక్కువ ఉండదు కాబట్టి ఆ యూపీఎస్ గంటల తరబడి నడిపిస్తుంది. మన ఇళ్లలో పూత పాడు కావడానికి ఉన్న అతి పెద్ద బయటి కారణానికి జవాబు ఇంట్లో చేసిన యంత్రంలోనే సులువుగా ఇమిడింది.

మిగిలిన నిర్మాణం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఒక పొడవైన చెక్క పలక, దాని ఒక కొసన మోటారును బిగించే చిన్న నిలువు పలక. పీవీసీ పైపు మూతకు నడిమధ్యలో రంధ్రం చేసి మోటారు ఇరుసుకు గట్టిగా తొడిగి, మూత గోడకు మూడు వైపుల నుంచి మూడు బోల్టులు దిగేస్తే కర్ర పిడిని పట్టుకునే కప్పు తయారు. బోల్టు కొసలకు సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగితే కార్క్ పిడికి గాట్లు పడవు. కర్ర ఆనడానికి రెండో మూడో చెక్క నిలువులు, పైన కోసుగా చెక్కిన గాడి, గాడిలో మెత్తటి ఫెల్ట్ గుడ్డ. గాడి తగిలే చోట ఎపాక్సీ పూత ఉండకూడదు. చివరిగా తాపీ మేస్త్రీ వాడే రసమట్టాన్ని కర్ర మీద పెట్టి చూడాలి. కర్ర ఒక పక్కకు వాలి ఉంటే ఎంత తిప్పినా పూత ఆ వైపుకు నెమ్మదిగా నడుస్తుంది, ఒక్కో చుట్టులో ఒక అంచు లావుగా మరో అంచు బోడిగా తేలుతుంది. తిరుగుడులో కొంచెం ఊగిసలాట ఉన్నా పరవాలేదు. ఆరు సెకన్లకో పన్నెండు సెకన్లకో ఒక చుట్టు తిరిగే కర్ర ఒకట్రెండు మిల్లీమీటర్లు పక్కకు ఊగితే పూతకు తెలియను కూడా తెలియదు. సింక్రనస్ మోటారు ఒకసారి కుడికి, మరోసారి ఎడమకు తిరగడం మొదలెడుతుందని కంగారు పడేవాళ్లు ఉన్నారు. అది ఆ మోటారు స్వభావం. ఎటు తిరిగినా గురుత్వాకర్షణకు తేడా లేదు.

ఇంత తేలికైన యంత్రమైతే అంతమంది కర్రలు ఎందుకు పాడవుతున్నాయని అడగొచ్చు. అది న్యాయమైన ప్రశ్న, జవాబు దాదాపు ఎప్పుడూ డ్రైయర్ బయటే ఉంటుంది. పూత రోజుల తరబడి జిగటగానే ఉండిపోయిందంటే రెసిన్, హార్డ్‌నర్ పాళ్లు తప్పాయి, లేదా సరిగా కలవలేదు. సమపాళ్లని కంటితో అంచనా వేయకూడదు, రెండు వేరు వేరు సిరంజిలతో కొలవాలి. గిన్నె అడుగూ అంచులూ తాకేలా రెండు మూడు నిమిషాలు నిదానంగా కలపాలి. గబగబా కలిపితే బుడగలు చేరతాయి. కలిపాక అల్యూమినియం రేకు మీద పల్చగా పరిస్తే బుడగలు పైకి వచ్చి పోతాయి, వేడి ఒకచోట చేరక ఎక్కువసేపు పూయడానికి వీలవుతుంది. పూత మీద చేప కన్ను లాంటి గుంటలు పడితే చేతి నూనో, సిలికోన్ స్ప్రేనో అంటిందని అర్థం. ఆల్కహాల్‌తో తుడిచి మొదలుపెట్టాలి. బెంగళూరు ఎత్తు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీల చుట్టూ ఉంటుంది. పది డిగ్రీలు తగ్గితే ఎపాక్సీ గట్టిపడే సమయం సుమారు రెట్టింపవుతుందని పనివాళ్ల లెక్క. మచిలీపట్నంలో నాలుగు గంటలు తిప్పితే సరిపోయే పూతను హూడి చలికాలంలో ఎనిమిది గంటలు తిప్పాలి. జూలై, ఆగస్టు తేమలో కొన్ని రకాల ఎపాక్సీల మీద తెల్లటి జిడ్డు పొర తేలుతుంది. తలుపులు మూసిన పొడి గది, దుమ్ము పడకుండా ఒక అట్టపెట్టె మూత వీటికి మందు. వీటిలో ఒక్కదాన్నైనా ఖరీదైన డ్రైయర్ సరిచేయదు. త్వరగా ఆరాలని హెయిర్ డ్రైయర్ పట్టుకుని కూర్చోవడం మరో తప్పు. వేడికి పూత పల్చబడి జారుతుంది, లోపలి గాలి వ్యాకోచించి కొత్త బుడగలు పుడతాయి. చర్మానికి ఎపాక్సీ పడదు, నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోవడం మరవద్దు.

సమయం గురించి ఒక అభ్యంతరం ఈ ప్రాంతంలో తరచూ వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి గంట సమయం విలువ డ్రైయర్ ధర కన్నా ఎక్కువ, కాబట్టి కొనడమే లాభమని. ఆదాయం లెక్క అలా వేస్తే అసలు కర్రను కట్టుకోవడమే నష్టం, దుకాణంలో తయారైన కర్ర కొనుక్కోవాలి. సొంతంగా కట్టడానికి పూనుకున్నవాడు ఆ లెక్కను ఎప్పుడో పక్కన పెట్టాడు. అయినా ఆ లెక్క ప్రకారమే చూద్దాం. చెక్క, మోటారు, మూత సిద్ధంగా ఉంటే డ్రైయర్ కట్టడానికి ఒక సాయంత్రం చాలు. విదేశం నుంచి వచ్చే యంత్రం కస్టమ్స్ దాటి చేతికి అందడానికి వారాలు పట్టొచ్చు. వచ్చాక రెండేళ్లకు దాని మోటారు ఆగిపోతే విడి భాగం కోసం మళ్లీ అదే దారి. మనం కట్టినదాని మోటారు చెడితే మర్నాటికి మరొకటి బిగించవచ్చు. ఒక్కటి ఒప్పుకోవాలి. రోజుకు అరడజను కర్రలు కట్టి అమ్మే దుకాణానికి ఒకేసారి చాలా కర్రలు తిప్పే యంత్రం, ఒక్కోదాన్ని విడిగా ఆపగలిగే క్లచ్ కావాలి. దారం చుట్టడానికి, పూయడానికి కాలి పెడల్‌తో వేగం మార్చే లేత్ సౌకర్యంగానే ఉంటుంది. వాళ్లు కొనుక్కోవడం సబబే. ఏడాదికి రెండు మూడు కర్రలు కట్టేవాడికి దుకాణపు అవసరాలను అంటగట్టడాన్నే నేను తప్పు పడుతున్నాను.

ఇంకొకరి కోసం కట్టి ఇచ్చేటప్పుడు ఇంటి యంత్రం మర్యాదగా ఉండదన్న మాట కూడా ఉంది. కర్ర తీసుకునేవాడు చూసేది దారం చుట్లు సందు లేకుండా పడ్డాయా, పూత అద్దంలా సమంగా ఉందా, గైడ్లన్నీ ఒకే గీతలో నిలిచాయా అన్నది. పెద్ద చేప లాగినప్పుడు నిలబడేదీ అవే. డ్రైయర్ మీద మిగిలిన డబ్బు నేరుగా అక్కడికి చేరాలి. గట్టి సిరామిక్ వలయం ఉన్న మంచి గైడ్లు, నమ్మకమైన కంపెనీ ఎపాక్సీ, కచ్చితమైన సిరంజిలు, మంచి కుంచె. వీటిలో పొదుపు చేసిన కర్ర నిజంగానే చవకది అవుతుంది. జడలా అల్లిన సన్నని గాలం తాడు చవక వలయాన్ని కోసేస్తుంది, కోసిన వలయం మళ్లీ ఆ తాడును తెంచుతుంది. పెట్టుబడి పెట్టాల్సిన చోట పెట్టకుండా తిరిగే పెట్టె మీద పెట్టమని కొత్తవాళ్లకు చెప్పడం వల్ల జరుగుతున్న అసలు నష్టం ఇదే.

ఈ విషయం మీద నాకింత పట్టుదల ఎందుకంటే, గాలం వేటకు ఈ ప్రాంతంలో పెద్ద చరిత్ర ఉంది, ఆ చరిత్రలో కర్ర కట్టే చెయ్యి మాత్రం మనది కాకుండా పోయింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్. ఎస్. థామస్ ‘ది రాడ్ ఇన్ ఇండియా’ ప్రచురించింది 1873లో. కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే వేటగాడు 120 పౌండ్ల మహసీర్ చేపను పట్టింది 1946లో. బెంగళూరు కేంద్రంగా వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా 1972లో మొదలై, కావేరి మహసీర్ రక్షణకు పనిచేస్తూ వచ్చింది. మూపురం మహసీర్ అని పిలిచే ఆ చేపకు శాస్త్రీయ నామం తేలిందీ, అది అంతరించే అంచున ఉన్న జాతిగా నమోదైందీ 2018లోనే. పట్టిన చేపను బతికించి వదిలేయాలంటే పోరాటం త్వరగా ముగియాలి. చేప బరువుకు, నీటి వేగానికి తగ్గ కర్ర ఉంటేనే అది సాధ్యం. అలాంటి కర్రను ఈ నదులు, ఈ చెరువులు తెలిసినవాళ్లు ఇక్కడే కట్టాలి. ఒకప్పుడు మన అడవి వెదురు పరాయి దేశాల్లో కర్రలైంది. ఇప్పుడు వాళ్ల కార్బన్ కడ్డీ మన చేతికి వచ్చినా, దాన్ని తిప్పే మోటారు కూడా వాళ్లదే కావాలని మనలో మనమే చెప్పుకుంటున్నాం. వెదురు బద్దకు గాలం కట్టడం తెలిసిన తెలుగువాళ్లకు ఈ పని కొత్త కాదు. ఎవరో వేసిన జాబితాలోని ఒక వరుసను చూసి ఆగిపోవద్దు.

హూడి స్టేషన్‌లో ఊదా లైను మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో ఆకుపచ్చ లైనుకు మారి, చిక్కపేటలో దిగితే ఇలాంటి మోటార్లు అమ్మే ఎస్పీ రోడ్డు దగ్గరే. 12 వోల్టుల, పది చుట్ల గేర్ మోటారు, ఇరుసుకు తగిన బుష్ అడిగి తెచ్చుకోండి. ఆదివారం అక్కడ చాలా దుకాణాలు మూసి ఉంటాయి, శనివారం వెళ్లండి.